వెనక్కి కట్టుకున్న చేతులు

"అయ్యగారు పోయిన్రు బిడ్డా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. సీట్లో కూర్చున్నావిడ నా మొహం చూసి, లేచి చోటిచ్చింది. ఎవరు పోయారమ్మా అని అడిగితే, "మా బడి పాస్టరుగారు" అన్నాను. ఆయన మాకు చుట్టం కాదు. మేం ఆయన మతమూ కాదు.

నాంపల్లి స్టేషన్ వెనక మేం కిరాయికి ఉన్న గల్లీలో ఒక రేకుల చర్చి, దాన్ని ఆనుకుని ఏడో తరగతి దాకా బడి ఉండేవి. రెండింటికీ ఆయనే దిక్కు. ఆదివారం ప్రసంగం, మిగతా రోజులు పొద్దున్నే మా చేత ప్రార్థన. ఎక్కడ నిలబడ్డా చేతులు వెనక్కి కట్టుకునేవారు, కుడి మణికట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని. మేమంతా ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. పాస్టరు కాకముందు ఆయన కుస్తీలు పట్టిన పహిల్వాన్, ఎవరి దవడో పగలగొట్టి జైలుకు కూడా వెళ్లొచ్చారు. ఆ సంగతి ఆయనే చెప్పేవారు. "ఈ చెయ్యి నా మాట ఇనదు. అందుకే పట్టుకుంట" అనేవారు.

మా నాన్న అబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. రోజంతా గిరాకీల ముందు నవ్వి నవ్వి, ఇంటికి రాగానే బెల్టు తీసేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక పొద్దున ఆ బెల్టుకు దొరక్కుండా బడికి పరిగెత్తాను. నాన్న బెల్టుతోనే వెంటపడి వచ్చి గేటు దగ్గర జడ పట్టి లాగాడు. నుదురు ఇనప గేటుకు కొట్టుకుని చీలింది. కంట్లోకి రక్తం కారింది.

"జర ఆగన్నా" అంటూ అయ్యగారు అడ్డం వచ్చారు.

"మా ఇంటి సంగతి నీకేంది?" అని నాన్న ఆయన చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పెదవి చిట్లింది. ఆయన చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. అప్పుడు నాన్న బెల్టు నా మీదికి ఎత్తాడు.

ఆ చేతులు విడిపోయాయి. నాన్న కుడి మణికట్టు చెరుకుగడ విరిచినట్టు విరిగింది. నాన్న మోకాళ్ల మీద కూలబడి అరుస్తుంటే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సంతోషం పట్టలేక కొట్టాను, అబద్ధం ఎందుకు?

అయ్యగారే మా ఇద్దరినీ ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. నాకు ఐదు కుట్లు, నాన్నకు పిండికట్టు. మర్నాడు ప్రార్థనలో, "నిన్న నేను చెయ్యి చేసుకున్న. మీరు చప్పట్లు కొట్టిన్రు. గవి రెండూ తప్పే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బాలో ఉప్మా తెచ్చి నాన్నకు తినిపించేవారు. మొదటిరోజు నాన్న ఆయన చొక్కా మీద ఉమ్మేశాడు. ఆయన తుడుచుకుని ఇంకో ముద్ద తీశారు. రెండో వారంలో నాన్న "ఉప్పెక్కువైంది" అన్నాడు. మర్నాటి నుంచి తగ్గింది.

కట్టు విప్పిన రోజు అమ్మా నేనూ పారిపోవడానికి వీలుగా తలుపు దగ్గరే నిలబడ్డాం. ఎముక వంకరగా అతుక్కుంది గానీ పిడికిలి బిగుస్తోంది. అయ్యగారు నాన్న ఎదురుగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నారు. "కొట్టబుద్ధయితే చర్చికి రా అన్నా. నన్ను కొట్టు. బిడ్డ మీద, ఆమె తల్లి మీద చెయ్యి లేసిందంటే మాత్రం రెండోది గూడ ఇరుగుతది."

నాన్న నిజంగానే వెళ్లాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. మా ఇంట్లో దెబ్బలు ఆగిపోయాయి. కొన్ని ఆదివారాలు అయ్యగారి చెంప వాచి ఉండేది. "బాత్రూంలో జారిన" అని చర్చికి వచ్చినవాళ్లకు చెప్పేవారు. అమ్మ అన్నేళ్లూ పక్కింటివాళ్లకు చెప్పిన అబద్ధం అదే.

నేను డిగ్రీలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం నాన్న చర్చి నుంచి తొందరగా తిరిగొచ్చి, నల్లా కింద చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. "పాస్టరు ముసలోడైండు" అని మాత్రం అన్నాడు. మళ్లీ వెళ్లలేదు.

అయ్యగారు చేసింది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అన్ని దెబ్బలు తిన్నందుకు ఆయన మీద కోపం కూడా ఉంది. కానీ ఆ ఐదు కుట్ల తర్వాత నా ఒంటి మీద ఇంకో మచ్చ పడలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

చర్చిలో శవపెట్టె తెరిచి ఉంచారు. ఆయన చేతులు గుండెల మీద ఉన్నాయి. నాన్న తన ఊతకర్ర పక్కన పెట్టి దగ్గరికి వెళ్లి, కుడి చెయ్యి పైకెత్తాడు. ఇన్నేళ్లయినా అమ్మా నేనూ ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశాం. ఆ వంకర చేత్తో నాన్న అయ్యగారి ఎడమ చెంపను మెల్లగా తడిమాడు. తర్వాత తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పెట్టె మూసేదాకా అక్కడే నిలబడ్డాడు.