గోడవైపు తిరిగి విన్న సీరియల్

ఈ మధ్యాహ్నం మా అక్క వింటున్న సీరియల్‌ను, ఇంకాసేపట్లో కథ ముగుస్తుందనగా, ప్లగ్గు పీకి ఆపేశాను. పైగా ఆమె చెప్పిన మాట నమ్మలేదు. రెండింటిలో రెండోదే పెద్ద తప్పు.

మా అండాలక్క ఉండేది బడంగ్‌పేట్‌లో కొడుకు దగ్గర. కంట్లో శుక్లం తీయించుకుంది. దవాఖానకు దగ్గరని ఎల్బీనగర్‌లోని మా ఇంట్లో ఉంటోంది. కొన్నాళ్లు టీవీ చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నం అన్నం తిని హాల్లో కునుకు తీస్తున్న నాకు, ఆమె గదిలోంచి వయొలిన్లు, ఆ వెనకే ఉరుము, ఆ ఉరుము వెనక ఎవరో అమ్మాయి ఏడుపు వినపడ్డాయి. దొంగను పట్టుకోబోయేవాడిలా చప్పుడు చేయకుండా వెళ్లి తలుపు తోశాను. అక్క నల్ల అద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు పెట్టి, గోడవైపు మొహం చేసి కుర్చీలో కూర్చుని ఉంది.

"సూస్తలేను తమ్మీ, ఇంటున్న. ఇయ్యాల ఆఖరిది" అంది.

"నేనొచ్చుడు ఇని అటు తిరిగినవ్. నాకు తెల్వదా?" అని ప్లగ్గు పీకేశాను.

ఆమె కుర్చీ చెయ్యి తడిమి పట్టుకుని లేచి, మంచం మీద ఒత్తిగిలి పడుకుంది. మూడేళ్లుగా చూస్తున్న ప్రేమకథ. అందులోని అమ్మాయి, అబ్బాయి కలుస్తారో లేదో తెలియాల్సిన రోజున నేను ఆ పని చేశాను.

సాయంత్రం నా భార్య సంధ్య ఉద్యోగం నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫిర్యాదు చేశాను. ఆమె చేతిలోని సంచి కింద పెట్టి నా వంక చూసింది. "కుర్చీ గోడ దిక్కు తిప్పిపెట్టి పోయింది నేనే. రోజూ గట్లనే కూసొని ఇంటది వదిన. మనిషి మీద గింత అనుమానమెందుకు నీకు?"

సంచిలోంచి మామిడిపండ్ల వాసన వస్తోంది. ఆ మాట వింటూనే నేను వంగి, పైనున్న పండ్లను పక్కకు తోసి, చెయ్యి సంచి అడుగుదాకా పోనిచ్చి, కింద మెత్తబడినవి ఏమన్నా ఉన్నాయేమోనని వెతుకుతున్నాను. ఆ చెయ్యి నాది కాదు. మా నాయనది.

నా చిన్నతనమంతా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులోనే గడిచింది. మాది నల్లగొండ దిక్కు పల్లె, నాయన పని కోసం ఆ సందుకు వచ్చాం. ఒకే వాకిలి చుట్టూ వరుసగా కిరాయి గదులు, వాకిలి మధ్యలో నల్లా, నల్లా చుట్టూ ఎప్పుడూ ఆరని తడి. మాకు కాలాలు క్యాలెండరులో మారేవి కావు, ముక్కుకు తెలిసేవి. ఎండాకాలం వస్తే మామిడిపండ్ల వాసన గోడలకు, దుప్పట్లకు, చివరికి అన్నంలోకి కూడా ఎక్కేది. వానలు తగ్గుముఖం పడుతుంటే సీతాఫలాలు, చలికి కమలాలు, ఎప్పుడూ ఏదో ఒక మూల మా ఊరి బత్తాయిలు. లారీలు దింపాక మిగిలిన వరిగడ్డి కుప్పల్లో మేము దొర్లితే ఒళ్లంతా దురద పుట్టేది. పగిలిన పెట్టెల చెక్కలతో క్రికెట్ బ్యాట్లు చేసుకునేవాళ్లం. పారబోసిన పండ్ల మీద ఈగలకంటే ముందు మేమే వాలేవాళ్లం.

మా నాయన ఒక దుకాణంలో సరుకు ఏరే పని చేసేవాడు. పెట్టె వచ్చిందంటే పైవరుస వంక చూసేవాడే కాదు. గడ్డిలోంచి చెయ్యి దూర్చి అడుగున ఉన్న పండు తీసి, తొడిమ దగ్గర వాసన చూసి, అప్పుడు మాట్లాడేవాడు. "పై వరుస సూసి మురవకు బిడ్డా. మంచియన్నీ మీదనే పెడ్తరు. చెయ్యి కింద దాక పోనియ్యి" అని నాకు చెప్పేవాడు. మార్కెట్లో అది పని. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఆగేది కాదు. ఎవరైనా ఎక్కువ నవ్వుతూ పలకరిస్తే వాళ్లు వెళ్లిపోయాక "ఏం పని వడ్డదో ఈనికి" అనేవాడు. నేను ఆయన వెనకే తిరిగి ఆ విద్య అంతా నేర్చుకున్నాను. ఉగాదికి అమ్మ చేసిన బచ్చాలను లోపల పూర్ణం సరిగ్గా ఉందో లేదో విప్పి చూసిగాని తినేవాణ్ని కాదు. దాగుడుమూతల్లో కళ్లు మూసుకున్నవాడి ముందు వేళ్లు ఆడించి చూసి, అప్పటికీ నమ్మక, వెనక్కొచ్చి మళ్లీ ఆడించేవాణ్ని. ఈలోగా మిగతావాళ్లంతా దాక్కునేవాళ్లు, నేను దొరికిపోయేవాణ్ని.

మొత్తం వాకిలికి టీవీ ఒకటే. అది ఇంటి యజమానురాలు కామేశ్వరమ్మ గారిది. ఆమెది తెనాలి దగ్గర ఊరు. నలుపు తెలుపు టీవీ, దానికి చెక్క తలుపులు, ఆ తలుపుల మీద ఆమె కుట్టిన పూల గుడ్డ. వారానికొక సాయంత్రం ఒక ప్రేమకథ సీరియల్ వచ్చేది. కొండల మధ్య ఊరికి వచ్చిన కుర్ర డాక్టరు, అక్కడ సంగీతం చెప్పే అమ్మాయి. ప్రతి వారం ఇద్దరూ కలవబోవడం, ఏదో ఒకటి అడ్డం పడటం. సమయమయ్యేసరికి వాకిట్లోని ఆడవాళ్లు పొయ్యిలు చిన్నవి చేసి, చేతులు చీరలకు తుడుచుకుంటూ ఆ గదిలోకి చేరేవాళ్లు. "రండమ్మా, రండి, కూర్చోండి, అప్పుడే పేర్లు పడిపోతున్నాయి!" అని కామేశ్వరమ్మ గారు చాప పరిచేవారు. అండాలక్కకు అప్పటికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. అందరికంటే ముందు కూర్చునేది.

మా పక్క గది సువార్తమ్మది. మొగుడు చర్చిలో సంఘపెద్ద. ఆ ఏడు శ్రమదినాలు మొదలైనప్పుడు, అంటే ఈస్టరుకు ముందు వాళ్లు ఇష్టమైనదొకటి వదులుకునే రోజుల్లో, ఆమె మాంసం వదల్లేదు, చాయ్ వదల్లేదు. ఈ సీరియల్ వదిలేసింది. వాకిలంతా ఆశ్చర్యపోయింది. సీరియల్ రోజు రానే వచ్చింది. సువార్తమ్మ కూడా రానే వచ్చింది. చిక్కుడుకాయల చాట తెచ్చుకుని, టీవీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఇదేంటి సువార్తమ్మా!" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"సూడనని దేవునికి మాటిచ్చిన. ఇననని ఇయ్యలే" అంది సువార్తమ్మ, చిక్కుడుకాయకు నార తీస్తూ.

మాటలు సరే, బొమ్మ సంగతో? దానికి అక్క ఉండేది. ఆమె పక్కన కూర్చుని తెర మీద జరిగేదంతా గుసగుసగా చెప్పేది. నాకు ఆ గుసగుస మీద అనుమానం. కళ్లు తెర మీద పెట్టి, చెవి అక్క మీద పెట్టి, రెండూ సరిచూసేవాణ్ని. ఒకరోజు తప్పు దొరికింది.

"ఆకుపచ్చ చీర కట్టింది సువార్తత్తా, ఎర్ర అంచు. జడల కనకాంబరాలు. గిప్పుడే తలస్నానం చేసొచ్చినట్టుంది" అంటోంది అక్క.

"అబద్ధం!" అని లేచాను. "టీవీల రంగులే లెవ్వు గద! ఆకుపచ్చదని నీకెట్ల తెల్సు?"

"ఓరి భడవా, నిజమేనే!" అని కామేశ్వరమ్మ గారు నవ్వారు. అక్క మొహం ఎర్రబడింది. సువార్తమ్మ మాత్రం వెనక్కి తిరక్కుండానే అంది: "గది నలుపు తెలుపు టీవీ అని నాకు తెల్వదారా పోరగా? పోయిన నెల దాక నేను సూసిందే గద. నువ్వు గమ్మున కూసో. అండాలూ, జాకిటి ఏం రంగు? చెప్పు బిడ్డా."

ఆ గదిలో మోసపోతున్నవాళ్లెవరూ లేరని, రంగులు అందరికీ కావాలని, వాటి కోసమే కొందరు అక్క పక్కకు జరిగి కూర్చుంటున్నారని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి మాత్రం నేను గెలిచాననే అనుకున్నాను.

ఈస్టరుకు సువార్తమ్మ ఇంటి నుంచి బగారన్నం, కోడికూర వచ్చాయి. ఆమె మళ్లీ టీవీకేసి తిరిగి కూర్చుంది. వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆ సీరియల్ అయిపోయింది. అయిపోయిందంటే, డాక్టరు రైలెక్కాడు, అమ్మాయి ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చింది, రైలు కదిలింది, తెర మీద 'సమాప్తం' పడింది. ఎవరూ లేవలేదు. కరెంటు పోయిందేమోనన్నట్టు కామేశ్వరమ్మ గారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "అదేంటమ్మా, అయిపోయిందా? అంతేనా? మరీ ఇంత అన్యాయమా!" సువార్తమ్మ ఆ రాసినోణ్ని దేవుడు క్షమించడని తేల్చి చెప్పింది. గుమ్మం బయట బీడీ కాలుస్తున్న నాయన "నేను చెప్పలే? అడుగున మెత్తగనే ఉంటది" అని నవ్వాడు.

అక్క నల్లా దగ్గర గిన్నెలు తోముతూ కళ్లు తుడుచుకుంటుంటే నేను పక్కన నిలబడి, "నాకు ముందే అనుమానం. వాళ్లు కలవరని నాకు తెల్సు" అన్నాను.

అక్క గిన్నె పక్కన పెట్టింది. "మోసపోతే మోసపోయిన తియ్యిరా. ఇన్ని వారాలు నేను సంబురంగ సూసిన. నువ్వేం సూసినవ్? నన్ను సూసినవ్."

ఈ సాయంత్రం మామిడిపండ్ల సంచిలో చెయ్యి పెట్టి కూర్చున్న నాకు ఆ మాట గుర్తొచ్చింది. ఆ వాకిలి ఇప్పుడు లేదు. ఆ స్థలంలో అపార్టుమెంటు లేచింది, దాని కింద సెల్‌ఫోన్ల దుకాణాలు. మార్కెట్టే ఊరి బయటకు వెళ్లిపోయింది. అది ఉండిన కొత్తపేట మీదుగా పోతుంటే ఏ కాలమో ముక్కుకు తెలియడం లేదు. నాయన లేడు, సువార్తమ్మ లేదు. ప్రతి గదిలో ఒక టీవీ, ప్రతి చేతిలో ఒక ఫోను వచ్చాక, ఒకరు చూసి ఇంకొకరికి చెప్పాల్సిన అవసరమే పోయింది.

అక్క గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. "తప్పయింది అక్కా. నువ్వు ఇంటున్ననంటే నమ్మలే" అన్నాను.

"సిన్నప్పటి సంది గంతే గద నువ్వు" అంది, అటు తిరిగే.

"ఫోన్ల ఉన్నదట ఆఖరి ముక్క. పెడ్తా, నువ్వు ఇను. బొమ్మ నేను చెప్త."

అక్క ఇటు తిరిగి లేచి కూర్చుంది. ఫోను పెట్టాను. మొదట్లో నాకు చెప్పడం చేతకాలేదు. "ఇద్దరు నిలబడ్డరు" అన్నాను. "యాడ నిలబడ్డరు? వాన పడుతున్నదా? పిల్ల మొహం ఎట్లున్నది?" అని అడిగింది. నేను వెనక్కి జరిపి మళ్లీ చూసి చెప్పాను. హీరో వేషంలో వేరే అబ్బాయి ఉన్నాడని చెప్పాను. మూడేళ్లు అడ్డం పడిన అత్త రెండు మాటల్లో మారిపోయి ఇద్దరినీ కలిపేసిందని, అందరూ ఒక వరుసలో నిలబడి ఫొటో దిగడంతో అయిపోయిందని, ఏదీ దాచకుండా చెప్పాను. డబ్బులు మిగుల్చుకోవడానికి తొందరగా చుట్టేశారని నాకు గట్టి అనుమానం వచ్చింది. అది మాత్రం నాలో ఉంచుకున్నాను.

"గంతేనా?" అంది అక్క.

"గంతే అక్కా."

"మూడేండ్లు రా! మోకాళ్లు గుంజినా లేవకుంట సూసిన. ఆ ముండమోపోడు గింత ఆగమాగం చేస్తడా?" అని తిట్టడం మొదలుపెట్టింది. నేను కూడా కలిశాను. ఆ రాసినవాణ్ని ఇద్దరం కలిసి చాలాసేపు తిట్టాం. అక్క నవ్వింది కూడా.

కంట్లో చుక్కలు వేసే వేళయింది. రోజూ సంధ్య వేస్తుంది. ఈ రోజు నేను వేస్తానని చేతులు కడుక్కుని వచ్చి సీసా తీశాను.

"చేతులు కడుక్కున్నవా?" అంది అక్క.

"కడుక్కున్న."

"సబ్బువెట్టి?"

"సబ్బువెట్టే అక్కా."

"నిజంగ?"

నేను వంగి రెండు అరచేతులూ ఆమె ముక్కు దగ్గర పెట్టాను. అక్క తీరిగ్గా వాసన చూసింది. తర్వాత తల వెనక్కి వాల్చింది.