చెప్పుల డబ్బాలో పచ్చని వెలుగు

మార్చి పదకొండు, బుధవారం. పొద్దున్నే ల్యాబ్ గ్రూపులో మేడం నంబరు కనిపించగానే నా ప్రశ్నకు జవాబు వచ్చిందనుకున్నాను. "మీ మేడం తెల్లారుజామున గుండెపోటుతో పోయింది. పిల్లలెవ్వరు రేపటి పరీక్ష ఎగ్గొట్టద్దు. ఆమె ఉంటే గదే అంటుండె." రాసింది వాళ్లాయన. దాని పైనే నిన్న నేనడిగినది అలాగే ఉంది: "తూకం తేడా వస్తే పరీక్షలో కూడా ఉన్నదే రాయాలా మేడం?"

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ మేడం. పోచంపల్లి వైపు మగ్గాల ఇంట్లో పుట్టారు. ఏ రసాయనం దేన్ని పట్టుకుంటుందో చెప్పేటప్పుడు ఆమె వేళ్లు నూలుకు ముడి వేస్తున్నట్టు కదిలేవి.

నా భయమంతా ఒక గోధుమరంగు సీసాలో ఉంది. అందులోది ఆక్సిన్, పూర్తి పేరు 8-హైడ్రాక్సీ క్వినోలిన్. వెలుతురు తగిలితే నల్లబడుతుందని మేడం సీసాకు నల్ల కాగితం చుట్టి ఉంచేవారు.

"నైట్రోజన్ ఒక కొండి, ఆక్సిజన్ ఇంకో కొండి. నడుమ లోహం దొరికితే ఎండ్రకాయ పట్టినట్టే."

మాది గోదావరి జిల్లా. "ఎండ్రకాయంటే ఏంటండీ మేడం?" అన్నాను.

"మీ దిక్కు పీత అంటరు గదా. పేరేదైతేంది, పట్టు గట్టిదే."

పుండ్లు కడిగే మందుల్లో, మొక్కల బూజుకు చల్లే మందుల్లో దీన్ని వాడారని, కొన్ని మలేరియా మాత్రలు దీనికి దూరపు చుట్టాలని ఆమె చెబితేనే తెలిసింది. ఒకరోజు కొత్తపేటలో కొన్న పటికను, అందులో అల్యూమినియం ఉంటుందని చెబుతూ, నీళ్లలో కలిపి, వడపోత కాగితం మీద ఒక చుక్క, ఆక్సిన్ ఒక చుక్క వేశారు. ఆరాక కాగితాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి, దొంగనోట్లు చూసే చిన్న లైటు వేశారు. పసుపు మరక ఆకుపచ్చగా వెలిగింది. "సొంతంగ వెలిగే ఫోన్ తెరలకు దారి చూపినవాట్ల గిదొకటి" అన్నారు. కాగితం నాకే ఇచ్చారు.

పోయిన నెల ఆక్సిన్‌తో పట్టించిన అల్యూమినియం తూకం నాకు ఎక్కువొచ్చింది. అవక్షేపాన్ని తొందరలో చల్లనీళ్లతో కడిగాను. మిగిలిన ఆక్సిన్ వేడినీళ్లకు తప్ప వదలదు. రావాల్సిన అంకె రాద్దామని రికార్డులో రాసింది చెరుపుతుంటే మేడం నా చేతిలోంచి రబ్బరు తీసుకున్నారు.

"సరిగ్గ కడగలేదని తూకం చెప్తనే ఉన్నది. దాని నోరెందుకు మూస్తున్నవ్?"

"మార్కులు పోతాయండీ."

"పోతే పోనీ. వచ్చిందే రాయి. ఎందుకొచ్చిందో కింద రాయి."

రాశాను. మార్కులు పోయాయి. రేపటి ప్రాక్టికల్ పరీక్షలోనూ ఇదే తూకం. అందులో కూడా పోతే డిగ్రీ ఒక ఏడాది ఆగిపోతుంది. అందుకే ఆ ప్రశ్న అడిగాను.

మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో వాళ్లింటికి వెళ్లాం. ఆమె కాళ్లకు దండం పెట్టాను. వాళ్లాయనకు నా పేరు చెప్పాను.

"చల్లనీళ్ల పిల్లవా? ఇంట్ల చెప్పింది. 'తప్పొచ్చినా అంకె మార్చలేదు, గట్టి పిల్ల' అన్నది."

నేను చెరపబోయిన సంగతి మేడం ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. తలెత్తలేకపోయాను.

ఇప్పుడు రికార్డు తెరిస్తే ఆ కాగితం ఉంది. మామూలు వెలుతురులో పసుపు మరక, అంతే. రబ్బరు ఇంట్లోనే వదిలి, రేపు పొద్దున ఎనిమిదికల్లా ల్యాబ్‌కు వెళ్లి, ఇంకేదీ ముట్టుకోకముందే నీళ్లు వేడికి పెడతాను.