మొదటి దెబ్బ అత్తమ్మది

గత నెల మా బట్టల మెషిన్ చెడిపోతే కొత్తది కొన్నాం. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ మా ఆయన చేసిన పని చూసి బిత్తరపోయాడు. మా ఆయన మెషిన్‌లో వేయబోయే బట్టల్లోంచి ఒక తువ్వాలు తీసి, తడిపి, బాత్‌రూం గట్టుకేసి ఫెడీమని ఒక్క దెబ్బ కొట్టి, అప్పుడు లోపల పడేశారు. "ఎందుకు సార్ కొడ్తున్నరు? అదే ఉతుకుతది గద" అన్నాడు మెకానిక్. మా ఆయన నవ్వి మెషిన్ మూత వేశారు. ఎందుకో చెప్పాలంటే చిట్కుల్‌లో మేము కిరాయికున్న ఇంటి దగ్గర మొదలుపెట్టాలి. ఆయనకంత ఓపిక లేదు. నాకుంది.

డెబ్బయిల నాటి సంగతి. మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో రెండో షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి మొదలు. నేను పక్క ఊరి బడిలో టీచర్‌ని, అదీ టెంపరరీ. ఇద్దరు పిల్లలూ నాతోనే ఎనిమిది గంటల బస్సెక్కేవారు. మొదట్లో బట్టలుతకడానికి ఒకామె వచ్చేది. ఆమె కొడుక్కీ కంపెనీలో పని దొరికింది. "ఇగ నీయి నువ్వే ఉతుక్కో టీచరమ్మా, నా కొడుకు ఖాకీలే నాకు చాలు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆమె సుఖాన్ని నేనెందుకు కాదంటాను గానీ, నా పని మాత్రం అయిపోయింది. మా ఆయన ఖాకీలకు అంటిన గ్రీజు ఒక పట్టాన వదిలేది కాదు. దానితో కుస్తీ పడుతుంటే రెండుసార్లు బస్సు తప్పిపోయింది. "ఇంకోసారి లేటయితే పైకి రాస్తానమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. పైగా హత్నూర నుంచి అత్తమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "ఇంటి పని ఎల్లనప్పుడు నౌకరి ఎందుకు బిడ్డా? బంద్ జెయ్యి."

అందుకని ఒక పద్ధతి పెట్టాను. శనివారం దాకా మూట పెంచడం మానేశాం. సోమ, గురువారాలు ఖాకీలు, మంగళవారం పిల్లలవి, బుధవారం నా చీరలు, మిగతా రోజుల్లో దుప్పట్లు. నేను పొద్దున్నే నానబెట్టి బడికి పోతాను, మా ఆయన షిఫ్టుకు పోయేలోపు ఉతికి ఆరేయాలి. ఆయన "ఉతుకుత గని ఎవ్వరు చూడొద్దు" అన్నారు. ఇప్పటివాళ్లు నవ్వుతారేమో. మగవాడు పెళ్లాం చీర పిండుతుంటే చూశారంటే మధ్యాహ్నానికల్లా ఆ ముచ్చట కంపెనీ గేటు దగ్గరికి చేరేది. పాపం, వాకిలి గడియ పెట్టుకుని తడికల చాటున ఉతికేవారు.

మేము మరిచిపోయింది చప్పుడు. నేను బస్సెక్కడం వాడంతా చూస్తుంది, ఆ తర్వాత మా ఇంట్లో బండ మీద బట్ట కొట్టడం వాడంతా వింటుంది. గోడ అవతల గాజుల దుకాణం ఆమె ఉండేది, వాడంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. మంచి మనిషే, కాకపోతే ఏ సంగతైనా ఆరా తీయందే ఆమెకు నిద్రపట్టదు. "బేటీ, నువ్వు పోయినంక మీ ఇంట్ల బట్టలు కొట్టేదెవరు?" అని ఒకనాడు నన్ను ఆపి అడిగింది. "మా అత్తమ్మ వచ్చింది ఖాలా" అనేశాను. మరి కనబడదేం అంటే, "మోకాళ్ల నొప్పులు, బయటికి రాదు" అని ఇంకొకటి అంటించాను. మర్నాడే ఖాలా మోకాళ్లకు రాయమని నూనె సీసా పంపింది. ఆ సీసాను మూత తీయకుండానే గూట్లో పెట్టాను. మా అత్తమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. అబద్ధమాడాడని సొంత తమ్ముడితో రెండేళ్లు మాట మానేసింది. కొడుకు చేత బట్టలుతికిస్తూ, ఆ పని ఆమె పేరు మీద వేశానని తెలిస్తే నా నౌకరి ఆ పూటతో సరి.

భయపడ్డట్టే ఒక శనివారం మధ్యాహ్నం అత్తమ్మ సంచీతో దిగింది. అదృష్టంకొద్దీ ఆ వేళకు ఖాలా దుకాణంలో ఉంది. సాయంత్రం నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను, మూడుసార్లూ "చాయ్ పెట్టనా అత్తమ్మా" అని మూశాను. ఆదివారం చర్చికి తయారవుతుంటే ఖాలా రానే వచ్చింది. "నూనె పని చేసిందా అమ్మా? గంత నొప్పితోని దినాం బట్టలు కొడ్తవు, మా ఇంట్లకు వినబడ్తది" అంది.

అత్తమ్మ నన్ను చూసింది. గూట్లో సీసాను చూసింది. తర్వాత కొడుకు చేతులు చూసింది. సబ్బుకు తోలు లేచిన ఆ వేళ్లను ఆయన వెనక్కి దాచుకున్నారు.

"చేతులు ఆడినన్ని దినాలు చెయ్యాలె గద బిడ్డా" అంది అత్తమ్మ నిమ్మళంగా.

చర్చికి పోతూ, వస్తూ ఆమె మాకంటే పదడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "నేనేం అబద్ధమాడలే" అని మాత్రం అంది. ఆ పూట నేను వండిన కూర ఉప్పు కషాయమయింది. సోమవారం పొద్దున నేను జడ వేసుకుంటుంటే ఆమె కొంగు దోపుకుని బండ దగ్గరికి పోయింది. నానిన ఖాకీ ప్యాంటు తీసి ఫెడీమని ఒక్కటి కొట్టి కొడుకు చేతిలో పెట్టింది. "ఇగ కోడలు చెప్పింది అబద్ధం గాదు. మిగిలింది నువ్వు కొట్టు. గట్టిగ కొట్టు, నేనే అనుకుంటరు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేంది చూస్తున్నవ్? బస్సు పోతది, నడువ్ జల్దీ." బస్సులో పిల్లలు చూస్తున్నా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

వారానికని వచ్చిన మనిషి నాలుగు నెలలుంది. రోజూ మొదటి దెబ్బ ఆమెదే. ఖాలా ఎదురైతే కొంచెం కుంటేది కూడా. ఇదేంది అత్తమ్మా అంటే, కూర్చుని కూర్చుని కాళ్లు పట్టాయనేది. నాకు మళ్లీ బస్సు తప్పిపోలేదు. మరుసటి ఏడు నాకు పర్మనెంటయింది.

అత్తమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది, ఖాలా కూడా లేదు. మా ఆయన ఇప్పుడు నా చీరలు బాల్కనీలో అందరి కళ్ల ముందే ఆరేస్తారు. ఆ మొదటి దెబ్బ మాత్రం మానలేదు. అది వినబడగానే నేను పక్కింటి గోడ వైపు చూస్తాను. కొట్టేదెవరు బేటీ అని ఒకప్పుడు ఖాలా అడిగితే అబద్ధం చెప్పాను. ఇప్పుడు అడిగితే ఉన్నదున్నట్టు చెబుదును, అడిగేవాళ్లే లేరు.