డాల్ఫిన్ ఏమందో మావయ్యకు చెప్పిన అత్త

ఈ రోజు జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన మా బంధువులందరం చిలికా సరస్సులో డాల్ఫిన్లు చూడటానికి లాంచీ ఎక్కాం. అక్కడి భుయ్యాడీహ్ పేటలో ఉండే సూరన్న మావయ్య, నరసమ్మత్త కూడా వచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లు హోరులో ఉద్యోగమంతా గడిపిన మావయ్యకు వినికిడి బాగా తగ్గింది. అందుకే ఏం మాట్లాడినా కేకే.

ఆయన గొంతు విని పొద్దున్నే కొంగల గుంపు లేచిపోయింది. మధ్యాహ్నం దీవిలో దిగి పులిహోర తింటుంటే ఇసుకలోని పీతలూ బొరియల్లో దూరాయి.

"థోడా చుప్ రహియే నా, మామా" అని మా తమ్ముడు, కాస్త ఊరుకోమంటూ విసుక్కున్నాడు.

తమ్ముడి ముఖం చూసి సంగతి గ్రహించిన మావయ్య ఆ తర్వాత నోరు మెదపలేదు. నా మనసు చివుక్కుమంది.

తిరిగొస్తుంటే లాంచీవాడు ఇంజను ఆపాడు. పక్కనే బూడిదరంగు గుండ్రటి తల ఒకటి పైకి లేచి, గట్టిగా ఊపిరి వదిలి మునిగింది.

"ఏటంది అది?" మావయ్య మెల్లగా అడిగాడు.

అత్త ఆయన అరచేయి తన నోటి దగ్గరకు తీసుకుని, 'ఫూ' అని ఊదింది. "ఇలాగ ఊపిరి ఇడిసింది" అంది.

మావయ్య అరచేయి చూసుకుని పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు డాల్ఫిన్ మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఈసారి తమ్ముడూ నవ్వాడు.

ఇప్పుడు స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్నాం. మావయ్య ప్లాట్‌ఫారం మొత్తానికీ డాల్ఫిన్ కథ చెబుతున్నాడు. నాకైతే ఆపబుద్ధి కావడం లేదు. మీరైతే ఆపుతారా?