మూలలక్క

కారు సీటు తొడుగులో తిన్నగా సాగే పక్కలు ఎవరైనా కుడతారు. మూల దగ్గరికొచ్చేసరికే మొనగాళ్ళమనుకున్నవాళ్ళకి కూడా ముచ్చెమటలు పడతాయి. రెగ్జిన్ కాస్త ఎక్కువైతే మూల ముడతలు పడుతుంది, తక్కువైతే పిగిలిపోతుంది. ఆ వీధిలో వరసగా నాలుగు సీట్ల దుకాణాలున్నా, మూలలు బాగా రావాలనుకున్నవాళ్ళు ఒక్క దుకాణానికే వెళ్ళేవారు. అందుకే అక్కడ కుట్టే ఆవిణ్ణి అందరూ మూలలక్క అనేవారు. అసలు పేరేమిటని అడిగితే సొంత తమ్ముడు కూడా ఒక్క క్షణం తడుముకునేవాడు.

తమ్ముడనడం వరసకే, పెంచింది ఆవిడే. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే, పాలపళ్ళు కూడా ఊడని పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఒక సీట్ల మేస్త్రీ దగ్గర పనికి చేరింది. ఆమెది పుర్రచేతివాటం. మేస్త్రీ కత్తెర లాక్కుని కుడిచేతిలో పెట్టేవాడు. ఆయన అటు తిరగ్గానే అది మళ్ళీ ఎడమచేతిలోకి వచ్చేసేది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ముందు మావాడికి మూలలు కుట్టడం రానివ్వండి, తర్వాత చూద్దాం" అనేది. వాడికి మూలలు వచ్చాయి, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆమె పెళ్ళి ఊసు మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. లోకం అంతే, వద్దన్నవాళ్ళని రెండోసారి అడగదు.

మూల కుట్టాక లోపలి అంచుకి కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టాలి. అప్పుడే వంపు ముడత లేకుండా కూర్చుంటుంది. అక్క ఎడమచేత్తో పెట్టిన గాట్లు ఒకవైపుకి వాలి ఉండేవి, తమ్ముడివి రెండోవైపుకి. తొడుగు తిరగేసి చూస్తే తప్ప ఈ తేడా ఎవరికీ తెలియదు.

కిందటేడు అక్క దుకాణంలోని బల్బుని తిట్టడం మొదలుపెట్టింది. "ఇదేం వెలుతురురా, గుడ్డిదీపంలాగా! మార్చు." మార్చాడు. మళ్ళీ తిట్టింది, మళ్ళీ మార్చాడు. చివరికి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, లోపల నరం దెబ్బతింటోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా నిలవదని చెప్పాడు.

"ఏమంటాడురా?" అంది అక్క బయటికొచ్చాక.

"చుక్కల మందు వేసుకుంటే సర్దుకుంటుందట అక్కా."

ప్రేమ కొద్దీ అన్నాడు, కాదనను. కానీ ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది ఆడాలి. ఆ వారమే ఒక పెద్ద కారు సీటుకి అక్క కుట్టిన మూల గీత దాటి పక్కకి పోయింది. బొటనవేలితో తడుముతూ, "ఎలా ఉందిరా?" అని అడిగింది. "నువ్వు కుట్టాక ఇంకెలా ఉంటుంది?" అన్నాడు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళగానే కూర్చుని కుట్టు విప్పాడు. మామూలు గుడ్డయితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. రెగ్జిన్‌లో సూది పడిన చిల్లు పూడదు. అందుకని కొత్త ముక్క కత్తిరించి కుట్టి, తన చేత్తో గాట్లు పెట్టి, పాత ముక్కని చెత్తలో పడేశాడు.

ఇక అదే వరస. మొదట్లో బాగా రానివే విప్పేవాడు. తర్వాత తర్వాత చూడటం కూడా మానేశాడు. ఆమె గుమ్మం దాటగానే అన్నీ విప్పడమే. మర్నాడు తేలు కుట్టిన దొంగలా మెదలకుండా ఉండేవాడు. బేరగాళ్ళు వచ్చి "అక్కా, నీ చేతికి తిరుగులేదు" అంటే ఆమె మొహం వెలిగిపోయేది. ఆ మొహం చూస్తే, ఎన్ని ముక్కలు పారేసినా ఫరవాలేదనిపించేది వాడికి.

ఒకరోజు మధ్యాహ్నం, ఆ మధ్యనే అక్కచేత తొడుగులు కుట్టించుకున్న టాక్సీ డ్రైవరు వచ్చాడు. సిగరెట్ నిప్పు పడి సీటు నడుమ కాలిందట, సాయంత్రానికల్లా కావాలట. నడుమ ముక్క మార్చాలంటే మూలలు విప్పక తప్పదు. తమ్ముడు ఫోము కొనడానికి వెళ్ళాడు. అక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. తొడుగు ఊడదీసి, తిరగేసింది.

వాడు ఫోము భుజాన వేసుకుని వచ్చేసరికి ఆమె తొడుగు ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు కూర్చుని ఉంది. ఒక్కో మూలలోనూ వేలు పెట్టి తడిమి చూస్తోంది. వాడు ఫోము గుమ్మంలోనే దించేశాడు.

"ఇవి నీ గాట్లు" అంది.

"ఏదో ఆ ఒక్క సీటుకే అక్కా..."

"కళ్ళు పోతున్నాయిగానీ వేళ్ళు పోలేదురా నాకు. ఆ డాక్టరు నిజంగా ఏమన్నాడు?"

చెప్పాడు. డాక్టరు మాటా చెప్పాడు, సాయంత్రాలు తాను చేస్తున్న పనీ చెప్పాడు. ఆమె కేకలేస్తుందనుకున్నాడు. కేకలేసినా బాగుండేది.

"ఆ రోజే చెప్పుంటే మానేసేదాన్ని కదరా" అంది మెల్లగా. "మానేసేముందు ఒక్క సీటు కుట్టుకునేదాన్ని. ఇదే ఆఖరుదని తెలిసి, నాలుగు మూలలూ నింపాదిగా. అది ఏ కారులో తిరుగుతోందో తలుచుకుంటూ కూర్చునేదాన్ని. ఇప్పుడు నా ఆఖరి సీటు ఏదో నాకే తెలీదు. నీకైనా తెలుసా?"

వాడికీ తెలియదు.

"అన్నీ విప్పేశావా?"

"అన్నీ."

"ఇన్నాళ్ళూ కుట్టాను. ఒక్కటైనా కుదర్లేదా?"

నిజం చెప్పాలంటే "చూడలేదక్కా" అనాలి. ఆ మాట ఎలా అంటాడు? ఆమెని నొప్పించకూడదని అలవాటు పడిన నోరు మళ్ళీ అబద్ధమే ఆడింది.

"అప్పుడప్పుడూ బాగా వచ్చేవక్కా. చాలా బాగా వచ్చేవి."

"మరి వాటినెందుకు విప్పావురా?"

ఇద్దరు పిల్లల తండ్రి, ఆ దుకాణం నడుమ నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. చిన్నప్పుడు వాడి మోకాలు చీరుకుపోతే పని వదిలి పరిగెత్తుకొచ్చిన మనిషి, ఈసారి కదల్లేదు. ఆమె గుండె పగిలింది. ఓదార్చే ఓపిక ఎక్కణ్ణుంచి తెస్తుంది? కాసేపటికి మిషను చెక్క పట్టుకుని లేచి, పక్కకి జరిగింది.

"కూర్చో. డ్రైవరు వచ్చే వేళయింది."

కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని కత్తిరించాడు, కుట్టాడు, గాట్లు పెట్టాడు. మూల చిన్న ముడతైనా లేకుండా వచ్చింది. అలవాటు కొద్దీ, తడిమి చూడమని అక్కవైపు చాచాడు.

ఆమె చెయ్యి ముందుకు రాలేదు.