మలీద వద్దన్న కోడలు

"నీళ్లు గూడ దొంగతనంగా తాగే కోడల్ని యాడా సూడలేదమ్మా!" అని మా అత్త వీధి కుళాయి దగ్గర నలుగురూ వినేటట్టు అరిచింది. డెబ్బైల చివరి మాట. మేం దూదేకులవాళ్లం. ఆదోనిలో మా ఆయనకు పరుపులు కుట్టే అంగడి. మా వీధికి కుళాయి రోజూ వచ్చేది కాదు, ఇంట్లో తాగేనీళ్ల బాన ఒక్కటే. మొదటిసారి కడుపుతో ఉన్న నేను ఆ బానను పొద్దుగూకేలోపు ఖాళీ చేస్తున్నాను. ఎంత తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. తాగినవన్నీ ఒంటికి పోవడానికే సరి. అది రోగమేమోనని ఎవరికీ తోచలేదు. దొంగతనమని మాత్రం తోచింది.

కాన్పుకు ఎమ్మిగనూరులో పుట్టింటికి పోయాను. మా అమ్మకు ప్రేమంటే బెల్లమూ నెయ్యీ. "ఇద్దురికి తినల్ల గదా నువ్వు, తిను" అని పొద్దున లడ్డు, సాయంత్రం పాయసం. పొట్ట పెరిగేకొద్దీ చూసినవాళ్లంతా పైల్వాన్ పుడతాడని మురిసిపోయారు. కాన్పులో తల వచ్చింది, భుజాలు రాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. జట్కాలో ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. అంత పెద్ద బిడ్డను, అంత చక్కని బిడ్డను, ఊపిరి లేకుండా బయటికి తీశారు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు "రాజా మాదిరి ఉండాడు, ఎవురి దిష్టి తగిలిందో" అనుకుంటూ పోయారు. దిష్టి! ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండోసారి నెల తప్పగానే ఆదోనిలోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయాను.

"మొదటి బిడ్డ బరువెంత?" అని అడిగింది.

"తూకం తెలీదమ్మా. శానా పెద్దోడు."

"అప్పుడు యూరిన్ టెస్ట్ ఎవరైనా చేశారా?"

"లేదమ్మా."

ఆమె ఒక చిన్న సీసా నా చేతికిచ్చింది. ఆ పూటే యూరిన్ చూసింది. మరునాడు పరగడుపున పిలిపించి, గ్లూకోజ్ నీళ్లు తాగించి, ఆగి ఆగి రక్తం తీసి జి.టి.టి. చేయించింది. "నీకు షుగర్ ఉందమ్మా. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే అది బిడ్డకూ పోతుంది, బిడ్డ మరీ లావవుతుంది. పోయినసారి జరిగింది అదే అయివుంటుంది. ఈసారి డైట్ కంట్రోల్ చేసుకో, బిడ్డ దక్కుతుంది."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చిన్న సీసాలో ఇంత మూత్రం పట్టి చూపిస్తే అయ్యే పని! దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపినవాళ్లు బోలెడుమంది, ఈ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

డాక్టరమ్మ చెప్పిన తిండిలో వింతేమీ లేదు. పూటకు రెండు జొన్నరొట్టెలు, పప్పు, ఆకుకూర. మధ్యాహ్నం మాత్రం ఒక కప్పు అన్నం. గుడ్డు, మజ్జిగ తినొచ్చు. బెల్లం, చక్కెర, అరటిపండు, ఖర్జూరం వద్దు. ఒకేసారి మెక్కకుండా కొంచెం కొంచెంగా తినాలి, తిన్నాక కాసేపు నడవాలి. ఇంట్లో దీనికే రణరంగమైంది. రొట్టె తింటే "కడుపుతో ఉండేదానికి పత్యం పెడ్తాండామని ఊరంతా ఉమ్మేస్తాది" అనేది అత్త. నడిస్తే "బజారంతా ఊరేగుతాంది" అనేది. మా ఆయన తీర్పు ఇంకా బాగుంది: "మాయమ్మ సెప్పినట్ల కొంచెం తిను, డాక్టరమ్మ సెప్పినట్ల కొంచెం మాను."

ఏడో నెలలో ఒడి నింపే పండగ పెట్టారు. ఆ రోజు మా ఇళ్లలో రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపి మలీద చేస్తారు. దాని మీద దేవుని పేరున ఫాతిహా చదివించాక పెద్ద ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గర్భిణి నోట్లో పిడికెడు పెడతారు. వద్దని అత్తకు ముందే చెప్పుకున్నాను.

"సదివించింది అది. సుగరూ గిగరూ దాన్నేం సేస్తాదే?" అంది.

పండగ రోజు చిటికెడు తీసుకుని కళ్లకద్దుకున్నాను, నాలుకకు రాసుకున్నాను. తర్వాత పళ్లు బిగించాను. మా ఆయన అక్క, అంటే మా పెద్ద వదిన, నా గదవ పట్టుకుంది. "నోరు తెరువే! అందురూ సూస్తాండారు." నేను తెరవలేదు. ఆమె పెదాల మీద పెట్టి కుక్కబోయింది. చెయ్యి తోసేశాను. మలీద చాప మీద పడింది.

"ఒక బిడ్డకు తినిపించి తినిపించి మట్టిలో పెడితిరి! ఈ బిడ్డనన్నా బతకనీయండి!" అని అరిచాను.

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట అందరికంటే ఆమెకే ఎక్కువ తగిలిందని నాకు తెలుసు. తగిలినా సరే, ఈ రోజుకూ దాన్ని వెనక్కి తీసుకోను. వచ్చినవాళ్లు అన్నం తినకుండా లేచిపోయారు. అత్త నాతో మాటలు మానేసింది.

ఇంత చేసినా ఎనిమిదో నెలలో షుగర్ పెరిగింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఫ్రిజ్ లేదు కాబట్టి ఆ మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచి, రోజూ కాంపౌండరు దగ్గరికి పోయి సూది వేయించుకునేదాన్ని. "పత్యం పత్యమని ఎగిరితివే, కడాకు సూదులే గదా!" అని అత్త అప్పుడు నోరు విప్పింది. డాక్టరమ్మతో చెబితే, "నెలలు నిండేకొద్దీ పెరగడం మామూలే. నువ్వు డైట్ చేయబట్టే ఇంత చిన్న డోసుతో సరిపోతోంది" అంది. ఆ మాటతో మిగిలిన రోజులు ఈడ్చాను.

ఈసారి పుట్టింటికి పోలేదు, ఆసుపత్రిలోనే కన్నాను. ఆడపిల్ల. "నార్మల్ వెయిట్, హెల్దీ బేబీ" అంది డాక్టరమ్మ. అత్త గుడ్డ తొలగించి చూసి మూతి విరిచింది. "ఎలుకపిల్ల మాదిరి ఉండాది. కడుపు మాడ్సుకొని కనింది."

"ఎలుకపిల్లే అత్తా. కానీ ఏడుస్తాంది, ఇను" అన్నాను.

కాన్పయ్యాక షుగర్ తగ్గింది. మళ్లీ రావచ్చు, ఏటా చూపించుకోమన్నారు. అన్నట్టే కొన్నేళ్లకు వచ్చింది. ఇప్పుడు నా కూతురు బడికి పోతోంది, నేను అదే రొట్టె, అదే నడకతో నెట్టుకొస్తున్నాను. టీలో చక్కెర వద్దంటే "ఒక్కరోజుకు ఏం కాదులే" అనేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో ఇంకా గొడవ పడుతూనే ఉన్నాను.

ఈమధ్య మా పెద్ద వదిన కూతురు మొదటి కాన్పుకు వచ్చింది. ఆ పిల్లనే కాదు, ఆమెకు వండిపెట్టే వదినను కూడా రెక్క పట్టుకుని లాక్కుపోయి డాక్టరు ముందు కూర్చోబెట్టాను. డాక్టరమ్మ చెప్పిందంతా విని బయటికొచ్చాక వదిన, "ఈ మాట అప్పుడు మాకెవురు సెప్పినారే?" అంది. "నేను చెప్పలేదా?" అన్నాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కడుపుతో ఉన్నామని తెలిసిన నెలలోనే షుగర్ టెస్ట్ చేయించుకోండి, ఒంటరిగా మాత్రం పోకండి. మీకు వడ్డించే మనిషిని, అమ్మ కానీ అత్త కానీ, వెంటబెట్టుకుపోండి. కోడలు చెబితే వినని చెవులు డాక్టరు చెబితే వింటాయి. వాళ్లకు కోపం వస్తుంది, రానీయండి. నా మొదటి కాన్పప్పుడు మా అమ్మను అట్లా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఒక్కరుంటే, ఈ రోజు నా ఇంట్లో ఇద్దరు బిడ్డలు తిరుగుతుండేవాళ్లు.