రెండో భాగంలో పడిన స్లైడు

ఎనభైల్లో మేం జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకి కార్ఖానాలో ఉద్యోగం. ఆయన డ్యూటీలో ఉండగా ఒకరోజు నేనూ, ఆయన అక్కా ఒక దయ్యం సినిమా మ్యాట్నీకి వెళ్లాం. హాల్లో ఎవరికైనా కబురొస్తే, పేరు రాసిన స్లైడు తెర మీద వేసేవారు. దయ్యం తలుపు తీసే సమయానికి, జనం కేకల మధ్య, నా పేరు పడింది. గేటు దగ్గర పక్కింటాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం ఆస్పత్రికి చేరేసరికి మా ఆయన లేరు.

తర్వాత కొన్నాళ్లకి ఆ సినిమా రెండో భాగం వచ్చింది.

“అప్పుడు సగంలో వచ్చీసేవు కదే. ఇంట్లో కూకుని ఏటి చేత్తావు, రా,” అని వదినే లాక్కెళ్లింది.

ఈసారి దయ్యం వస్తే జనం నవ్వారు. “పహలే వాలా అచ్ఛా థా,” మొదటిదే బాగుందని వెనక ఎవరో విసుక్కున్నారు. నాకు భయమూ వేయలేదు, నవ్వూ రాలేదు. ఊరికే తెరకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇంటర్వెల్ అయ్యాక బొమ్మ మీద స్లైడు పడింది. చదవకుండానే లేచి నిలబడ్డాను.

“కూకో, నీ పేరు కాదే,” అంది వదిన. అలా అన్న వదిన కూడా లేచే ఉంది.

ముందు వరసలో ఒకామె చీకట్లో చెప్పులు వెతుక్కుంటోంది. తెరకి అడ్డమొచ్చిందని ఆమెని వెనకవాళ్లు కసిరారు.

ఆ రెండు సినిమాల్లో దయ్యం ఎలా ఉండేదో ఇప్పుడడిగితే చెప్పలేను. స్లైడు మీద పడిన ఆమె పేరు మాత్రం చెప్పగలను.